వ్యాపార వెబ్‌సైటు నిర్మాణ వ్యయ అంచనా

వ్యాపార వెబ్‌సైటు నిర్మాణ వ్యయ అంచనా అనగా ఒక దుకాణము, కర్మాగారము లేదా సేవా సంస్థ తన కొరకు వెబ్‌సైటును తయారు చేయించుకొనుటకు, తరువాత దానిని నడుపుకొనుటకు అయ్యే ఖర్చును పని మొదలుపెట్టక ముందే లెక్కగట్టడం. దీనిలో డొమైను పేరు, సర్వరు స్థలము, రూపకల్పన, ప్రోగ్రామింగు, పాఠ్యము, ఛాయాచిత్రములు, పన్నులు, వార్షిక నిర్వహణ అనే అంశాలు ఉంటాయి. ఇల్లు కట్టించేటపుడు మేస్త్రీ చెప్పే అంచనాకు, వెబ్‌సైటు అంచనాకు ముఖ్యమైన తేడా ఒకటి ఉన్నది. ఇంటి ఖర్చులో ఇటుక, సిమెంటు, ఇనుము వంటి సరుకుల వాటా పెద్దది. వెబ్‌సైటు ఖర్చులో అధిక భాగము మనుషులు పని చేసే గంటలే. కనుక ఒకే వెబ్‌సైటుకు ఇద్దరు ఇచ్చే కొటేషన్ల మధ్య అనేక రెట్ల తేడా కనిపించవచ్చును.

హైదరాబాదు వంటి నగరాలలోని పెద్ద సంస్థలకు ఈ లెక్కలు వేయుటకు ప్రత్యేక సిబ్బంది ఉంటారు. గొల్లపల్లి వంటి మండల కేంద్రాలలోను, కోరుట్ల, సిరిసిల్ల వంటి పట్టణాలలోను ఉన్న చిన్న వ్యాపారులు మాత్రం తయారీదారు చెప్పిన మొత్తముపైనే ఆధారపడవలసి వస్తుంది. అందుచేత అంచనా ఎలా తయారవుతుందో తెలిసి ఉండడం వారికి ఎక్కువ అవసరము.

చరిత్ర

వరల్డ్ వైడ్ వెబ్‌ను టిమ్ బెర్నర్స్-లీ 1989లో ప్రతిపాదించాడు. 1993 ఏప్రిల్ 30న సెర్న్ సంస్థ ఈ సాంకేతికతను ఎవరైనా ఉచితముగా వాడుకొనవచ్చునని ప్రకటించింది. భారతదేశములో విదేశ్ సంచార్ నిగమ్ లిమిటెడ్ 1995 ఆగస్టు 15న ప్రజలకు ఇంటర్నెట్ సేవలను ప్రారంభించింది. భారతదేశపు సంకేతమైన .ఇన్ డొమైను నమోదు నియమాలు 2005లో సరళీకరించబడినవి. అప్పటినుండి చిన్న వ్యాపారులు కూడా తక్కువ రుసుముతో ఈ పేర్లను నమోదు చేసుకొనుటకు వీలు కలిగింది.

మొదటి రోజులలో ప్రతి పుటను చేతితో వ్రాసేవారు. కనుక ఖర్చును పుటల లెక్కన చెప్పే అలవాటు ఏర్పడింది. 2003లో విడుదలైన వర్డ్‌ప్రెస్, 2006లో మొదలైన షాపిఫై, 2011లో వచ్చిన వూకామర్స్ వంటి సాధనాల వలన పుటల తయారీ సులభమైనది. ఇపుడు పుటల సంఖ్య కంటే వెబ్‌సైటు చేయవలసిన పనుల సంఖ్యయే ఖర్చును ఎక్కువగా నిర్ణయిస్తుంది. అయినను "అయిదు పుటలకు ఇంత, పది పుటలకు ఇంత" అని చెప్పే పాత పద్ధతి చిన్న పట్టణాలలో ఇంకా కనిపిస్తుంది.

సాఫ్టువేరు వ్యయ అంచనా అంతకు ముందే ఒక శాస్త్రముగా అభివృద్ధి చెందింది. ఐబిఎం సంస్థకు చెందిన అలన్ ఆల్బ్రెక్ట్ 1979లో ఫంక్షన్ పాయింట్ పద్ధతిని వెల్లడించాడు. బారీ బోమ్ 1981లో తన గ్రంథములో కోకోమో అనే నమూనాను వివరించాడు. పని ఆరంభ దశలో వేసిన అంచనా అసలు ఖర్చులో నాలుగవ వంతు నుండి నాలుగు రెట్ల వరకు ఎటైనా ఉండవచ్చునని, అవసరాలు స్పష్టమయ్యే కొలది ఈ తేడా తగ్గుతుందని బోమ్ చూపాడు. వెబ్‌సైటుల విషయములో కూడా ఇది వర్తిస్తుంది.

గొల్లపల్లి, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతము

గొల్లపల్లి తెలంగాణ రాష్ట్రములోని జగిత్యాల జిల్లాకు చెందిన మండల కేంద్రము. కోరుట్ల అదే జిల్లాలోని పురపాలక పట్టణము. సిరిసిల్ల రాజన్న సిరిసిల్ల జిల్లా కేంద్రము. ఈ మూడును 2016 అక్టోబరు 11న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణకు ముందు కరీంనగర్ జిల్లాలో ఉండేవి.

ఈ ప్రాంతపు వ్యాపారాల స్వభావమే వెబ్‌సైటు అవసరాన్ని నిర్ణయిస్తుంది. వీటిని స్థూలంగా మూడు రకాలుగా చెప్పవచ్చును.

* సమాచారము చాలు అనుకొనే వ్యాపారాలు: గొల్లపల్లి వంటి చోట్ల రైస్ మిల్లు, ఎరువులు విత్తనాల దుకాణము, ప్రైవేటు పాఠశాల, ఆసుపత్రి మొదలైనవి. చిరునామా, పనివేళలు, ఫోను నంబరు, సేవల పట్టిక ఉంటే వీటికి సరిపోతుంది.
* ముందస్తు నమోదు కావలసిన వ్యాపారాలు: ఫంక్షన్ హాళ్ళు, ట్రావెల్స్, రోగనిర్ధారణ కేంద్రాలు. కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల ప్రాంతాల నుండి గల్ఫ్ దేశాలకు వలస వెళ్ళినవారు అధికము. పెళ్ళి హాలును లేదా ప్రయాణ టికెట్టును దుబాయి, మస్కట్‌ల నుండి కుదుర్చుకొనే కుటుంబాలకు ఇటువంటి వెబ్‌సైటు ఉపయోగపడుతుంది.
* సరుకు అమ్మే వ్యాపారాలు: సిరిసిల్ల మరమగ్గాలకు ప్రసిద్ధి. వీటిని అక్కడ సాంచాలు అంటారు. యజమాని నూలు ఇస్తే ఆసామి సాంచాలపై బట్ట నేయించి కూలి తీసుకొనే విధానము అక్కడ ఉన్నది. రాష్ట్ర ప్రభుత్వము 2017లో ప్రారంభించిన బతుకమ్మ చీరల పథకము వలన ఈ పరిశ్రమకు పెద్ద ఆర్డర్లు లభించాయి. ఒకే కొనుగోలుదారుపై ఆధారపడిన పరిశ్రమకు ఆర్డరు తగ్గిన ఏడాది పని తగ్గుతుంది. కనుక నేరుగా వినియోగదారులకు అమ్మే మార్గాలు వెదకడం ఆసాములకు, చిన్న దుస్తుల తయారీదారులకు జీవనోపాధికి సంబంధించిన విషయము.

మొదటి రకానికి అయ్యే ఖర్చు తక్కువ. మూడవ రకానికి చెల్లింపులు, రవాణా, సరుకు నిల్వల లెక్క, పన్ను రశీదులు అన్నీ కలుస్తాయి కనుక ఖర్చు ఎక్కువ. మొదటి రకము చాలిన వ్యాపారి మూడవ రకము చేయించుకొనడము వృథా ఖర్చులలో ముఖ్యమైనది.

వ్యయ విభాగాలు

డొమైను పేరు

డొమైను పేరు వెబ్‌సైటు చిరునామా. దీనిని కొనడము అని వాడుకలో అంటారు గాని నిజానికి ఇది కౌలు వంటిది. ఒకటి నుండి పది సంవత్సరాల వరకు నమోదు చేసుకొని, గడువు తీరక ముందే పునరుద్ధరించుకొనవలెను. సాధారణ .ఇన్, .కామ్ పేర్లకు ఏటా అయ్యే రుసుము వేయి రూపాయలకు కొంచెము అటూఇటూగా ఉంటుంది. మొదటి ఏడాది తగ్గింపు ధర ప్రకటించి, రెండవ ఏడాది నుండి పూర్తి ధర వసూలు చేసే సంస్థలు ఎక్కువ. కనుక అంచనాలో పునరుద్ధరణ ధరనే వేసుకొనవలెను. గడువు దాటి రద్దయిన .కామ్ పేరును తరువాతి 30 రోజుల విమోచన కాలములో తిరిగి పొందవచ్చును గాని, దానికి సాధారణ రుసుముకు అనేక రెట్లు చెల్లించవలసి వస్తుంది.

హోస్టింగు

వెబ్‌సైటు దస్త్రాలను ఉంచే సర్వరు స్థలమునకు చెల్లించే అద్దె ఇది. ఒకే సర్వరును అనేకులు పంచుకొనే రకము చౌకైనది, చిన్న వ్యాపారాలకు ఇది సరిపోతుంది. భద్రతా ధ్రువపత్రానికి పూర్వము ప్రత్యేక రుసుము ఉండేది. లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ 2015 డిసెంబరు నుండి దీనిని ప్రజలందరికీ ఉచితముగా అందిస్తున్నది. కనుక సాధారణ భద్రతా ధ్రువపత్రానికి కొటేషనులో పెద్ద మొత్తము వేసి ఉంటే కారణము అడగవలెను.

రూపకల్పన, ప్రోగ్రామింగు

సిద్ధముగా ఉన్న నమూనాను తీసుకొని రంగులు, బొమ్మలు మార్చడము ఒక పద్ధతి. ప్రతి పుటను కొత్తగా గీసి తయారు చేయడము మరొక పద్ధతి. రెండవదానికి పట్టే గంటలు ఎన్నో రెట్లు ఎక్కువ. చూచుటకు ఒకేలా ఉన్న రెండు వెబ్‌సైటుల ఖర్చులో తేడా తరచుగా ఇక్కడే వస్తుంది. ఈ ప్రాంతపు వినియోగదారులలో అధికులు వెబ్‌సైటును మొబైలు ఫోనులోనే చూస్తారు. కనుక చిన్న తెరపై సరిగా కనబడడము అదనపు కోరికగా కాక మూల అవసరముగా లెక్కించవలెను.

తెలుగు పాఠ్యము

తెలుగు వెబ్‌సైటులకు ప్రత్యేకమైన ఖర్చు ఇది. తెలుగు లిపికి యూనికోడ్‌లో 1991లో వెలువడిన మొదటి సంపుటి నుండే స్థానమున్నది. కాని పట్టణాలలోని డీటీపీ కేంద్రాలలో కరపత్రాలు, శుభలేఖలు, ఫ్లెక్సీలు చాలాకాలముగా అను ఫాంట్ల వంటి యూనికోడేతర ఫాంట్లలో తయారవుతున్నాయి. వ్యాపారి తన పాత కరపత్రము దస్త్రాన్ని ఇచ్చి "ఇదే పెట్టండి" అన్నపుడు ఆ పాఠ్యాన్ని యూనికోడ్‌లోకి మార్చవలెను. మార్పిడి సాధనాలు వాడినను ఒత్తులు, గుణింతాలు, అంకెలు కొన్నిచోట్ల తారుమారవుతాయి గనుక అక్షరదోషాల దిద్దుబాటు తప్పదు. పాఠ్యాన్ని బొమ్మగా అతికిస్తే ఈ శ్రమ తప్పుతుంది గాని, అట్టి పాఠ్యము శోధన యంత్రాలకు, అంధులు వాడే తెర పఠన సాధనాలకు సరిగా అందదు. వెబ్‌సైటు తెలుగు, ఇంగ్లీషు రెండింటిలోను కావలెనన్నచో అనువాదము, రెట్టింపు పుటల నిర్వహణ కూడా లెక్కలోకి వస్తాయి. ఫాంట్ల కొరకు మాత్రము ఖర్చు చేయనవసరము లేదు. మండలి, రామభద్ర, సురన్న వంటి తెలుగు ఫాంట్లు ఉచిత లైసెన్సులతో లభిస్తున్నాయి.

ఛాయాచిత్రములు

దుస్తులు అమ్మే వెబ్‌సైటులో ఛాయాచిత్రమే దుకాణము. బట్ట అసలు రంగు తెరపై కనబడకపోతే సరుకు తిరిగివచ్చే అవకాశము పెరుగుతుంది. కనుక వస్తువుల సంఖ్యను బట్టి చిత్రీకరణకు వేరుగా మొత్తము కేటాయించడము మంచిది. ఇంటర్నెట్‌లో దొరికిన ఇతరుల చిత్రాలను అనుమతి లేక వాడడము కాపీహక్కుల ఉల్లంఘన అవుతుంది.

చెల్లింపుల రుసుము

ఆన్‌లైను చెల్లింపులను స్వీకరించే సంస్థలు ప్రతి లావాదేవీపై సాధారణముగా 2 శాతము వరకు రుసుము, దానిపై 18 శాతము వస్తు సేవల పన్ను వసూలు చేస్తాయి. అనగా వంద రూపాయలకు 2 రూపాయల 36 పైసలు. యుపిఐ, రూపే డెబిట్ కార్డుల ద్వారా జరిపే చెల్లింపులపై వ్యాపారి నుండి తీసుకొనే బ్యాంకు రుసుమును కేంద్ర ప్రభుత్వము 2020 జనవరి 1 నుండి తొలగించింది. అయినను మధ్యవర్తి సంస్థ తన సేవకు వేరుగా రుసుము అడగవచ్చును. ఇది నిర్మాణ ఖర్చు కాకపోయినను అమ్మకముతో పాటు పెరిగే ఖర్చు కనుక అంచనాలో చూపవలెను.

పన్ను

వెబ్‌సైటు నిర్మాణము, హోస్టింగు సేవలపై వస్తు సేవల పన్ను 18 శాతము. తయారీదారు నమోదైనవాడైతే ఈ పన్ను కొటేషను మొత్తముపై అదనముగా వస్తుంది. కొనే వ్యాపారి సాధారణ పద్ధతిలో నమోదై ఉంటే ఈ మొత్తాన్ని ఇన్‌పుట్ క్రెడిట్‌గా సర్దుబాటు చేసుకొనవచ్చును. నమోదు లేని వ్యాపారికి, కాంపొజిషన్ పద్ధతిలో ఉన్న వ్యాపారికి ఆ సౌకర్యము లేదు. కనుక ఒకే కొటేషను ఇద్దరు వ్యాపారులకు వేర్వేరు ఖర్చు అవుతుంది.

వార్షిక నిర్వహణ

సాఫ్టువేరు నవీకరణలు, దస్త్రాల నకళ్ళు భద్రపరచడము, ధరలు మార్చడము, చెడిన భాగాలు సరిచేయడము నిర్వహణ కిందకు వస్తాయి. నవీకరించని వెబ్‌సైటులు దుండగుల చేతిలో పడే ప్రమాదము ఎక్కువ. అంచనాలలో తరచుగా మరచిపోయే అంశము ఇదే.

అంచనా పద్ధతులు

పోలిక పద్ధతి

అటువంటి వ్యాపారానికే ఇంతకు ముందు తయారైన వెబ్‌సైటు ఖర్చును ఆధారము చేసుకొని, తేడాలను కలిపి తీసివేసి అంచనా వేయడము. త్వరగా పూర్తవుతుంది. కాని రెండు వెబ్‌సైటులు పైకి ఒకేలా కనిపించినను లోపల భిన్నముగా ఉండవచ్చును.

పని విభజన పద్ధతి

మొత్తము పనిని చిన్న చిన్న భాగాలు చేసి ఒక్కొక్క దానికి గంటలు వేసి కూడడము. ఒక భాగము రెండు మూడు రోజుల పనికి మించకుండా విడగొట్టితే అంచనా నమ్మదగినదిగా ఉంటుంది. కొటేషనులో ఈ పట్టిక ఉంటే బేరమాడుటకు కూడా ఆధారము ఉంటుంది. ధర తగ్గించమని అడుగుటకు బదులు ఏ పని తీసివేయవచ్చునో అడగవచ్చును.

మూడు అంకెల పద్ధతి

1950 దశాబ్దపు చివరలో అమెరికా నౌకాదళము పొలారిస్ క్షిపణి పథకము కొరకు రూపొందించిన పెర్ట్ విధానము నుండి వచ్చిన పద్ధతి ఇది. ప్రతి పనికి మూడు అంకెలు వేస్తారు. అంతా అనుకూలిస్తే పట్టే కాలము, సాధారణముగా పట్టే కాలము, అన్నీ అడ్డు తగిలితే పట్టే కాలము. మొదటి అంకెకు, రెండవ అంకె నాలుగు రెట్లను, మూడవ అంకెను కలిపి ఆరుతో భాగించగా వచ్చినది అంచనా. మూడవ, మొదటి అంకెల తేడాను ఆరుతో భాగించగా వచ్చినది ఆ పనిలోని విచలనము.

ఫంక్షన్ పాయింట్ పద్ధతి

వాడుకరి ఇచ్చే సమాచారము, పొందే సమాచారము, భద్రపరచే దస్త్రాలు మొదలైన వాటిని లెక్కించి పని పరిమాణాన్ని కొలిచే పద్ధతి. పెద్ద ప్రాజెక్టులకు ఉపయోగకరము. అయిదారు పుటల వెబ్‌సైటుకు ఇంత లెక్క అవసరము ఉండదు.

ఉదాహరణ

క్రింది ఉదాహరణలోని గంటలు, ధరలు లెక్క వేసే విధానాన్ని చూపుటకు ఊహించినవి. మార్కెటు ధరలుగా తీసుకొనరాదు. సిరిసిల్లలో 20 రకాల దుస్తులను ఆన్‌లైనులో అమ్మదలచిన చిన్న తయారీదారు ఒకరు ఉన్నారనుకొందాము. పనుల అంచనా గంటలలో, అనుకూల, సాధారణ, ప్రతికూల అంకెల వరుసలో:

* అవసరాల సేకరణ: 6, 8, 16. అంచనా 9 గంటలు.
* రూపకల్పన: 12, 20, 40. అంచనా 22 గంటలు.
* పుటలు, వస్తువుల పట్టిక: 16, 24, 50. అంచనా 27 గంటలు.
* చెల్లింపులు, రవాణా అనుసంధానము: 8, 12, 34. అంచనా 15 గంటలు.
* తెలుగు పాఠ్య మార్పిడి, దిద్దుబాటు: 6, 10, 20. అంచనా 11 గంటలు.
* పరీక్ష, శిక్షణ: 6, 8, 22. అంచనా 10 గంటలు.

మొత్తము 94 గంటలు. సాధారణ అంకెలను మాత్రమే కూడితే 82 గంటలే వస్తాయి. ఆ విధముగా కొటేషను ఇచ్చిన తయారీదారు 12 గంటల పనిని లెక్కలోకి తీసుకోలేదన్నమాట. విచలనాల వర్గాలను కూడి వర్గమూలము తీయగా సుమారు 9.4 గంటలు వస్తుంది. రెండు విచలనాలు కలిపితే 113 గంటలు. కనుక వ్యాపారి 94 గంటలకు ఒప్పందము చేసుకొని, 113 గంటల వరకు సొమ్ము సిద్ధముగా ఉంచుకొనడము క్షేమము.

గంటకు 400 రూపాయలనుకుంటే 94 గంటలకు 37,600 రూపాయలు. దానిపై 18 శాతము పన్ను 6,768 రూపాయలు. నమోదు లేని ఛాయాగ్రాహకునికి 6,000 రూపాయలు. నిర్మాణ వ్యయము మొత్తము 50,368 రూపాయలు.

ఏటా డొమైనుకు 900, హోస్టింగుకు 4,500, నిర్వహణకు నెలకు 1,000 చొప్పున 12,000 రూపాయలు, పన్నులు కలిపి అనుకుంటే వార్షిక వ్యయము 17,400 రూపాయలు. మూడు సంవత్సరాలకు 52,200 రూపాయలు. నిర్మాణముతో కలిపి మూడేళ్ళ మొత్తము 1,02,568 రూపాయలు. అనగా మూడేళ్ళ అసలు ఖర్చు నిర్మాణ వ్యయమునకు రెండు రెట్లకు పైగా అయినది.

దీనిని 36 నెలలకు పంచగా నెలకు సుమారు 2,850 రూపాయలు. బట్ట, కూలి, ప్యాకింగు, తపాలా, చెల్లింపు రుసుములు పోగా ఒక్కొక్క ఆర్డరుపై 150 రూపాయలు మిగిలితే, వెబ్‌సైటు తన ఖర్చును తాను రాబట్టుకొనుటకు నెలకు 19 ఆర్డర్లు రావలెను. అన్ని ఆర్డర్లు రాబట్టగలమా అన్న ప్రశ్నకు సమాధానము చూచుకొనక ముందు వెబ్‌సైటుపై అప్పు చేయడము శ్రేయస్కరము కాదు. కొనేవారిని రప్పించుటకు చేసే ప్రకటనల ఖర్చు పై లెక్కలో లేదు.

కొటేషన్లను పోల్చడము

రెండు కొటేషన్లను పోల్చవలెనన్న ఇద్దరికీ ఒకే అవసరాల పత్రము ఇవ్వవలెను. ఒకటి రెండు పుటలలో క్రింది విషయాలు వ్రాసి ఇస్తే చాలును.

* వెబ్‌సైటు వలన ఏ పని జరగవలెను, వాడేది ఎవరు
* పుటల, వస్తువుల సంఖ్య, భాషలు
* పాఠ్యము, ఛాయాచిత్రములు ఎవరు సమకూర్చవలెను
* పూర్తి కావలసిన తేదీ
* తరువాత ధరలు, చిత్రాలు మార్చేది ఎవరు

అన్నిటికంటె తక్కువ కొటేషను ఎల్లపుడూ చౌక కాదు. అందులో మొదటి ఏడాది తగ్గింపు ధరలు వేసి ఉండవచ్చును, పాఠ్యము ఎక్కించడము కలపకపోవచ్చును, సవరణకు ఇంత అని తరువాత అడగవచ్చును. మూడేళ్ళ మొత్తము ఎంత అని వ్రాతపూర్వకముగా అడిగితే ఈ తేడాలు బయటపడతాయి.

ఒప్పందము, యాజమాన్యము

వెబ్‌సైటు విషయములో చిన్న వ్యాపారులు ఎక్కువగా నష్టపోయేది ధర దగ్గర కాదు, యాజమాన్యము దగ్గర. తయారీదారు డొమైనును తన పేరుమీదనే నమోదు చేసి, సంబంధము చెడిన తరువాత అప్పగించకపోతే వ్యాపారి తన బోర్డుమీద, రశీదులమీద అచ్చు వేయించుకొన్న చిరునామానే కోల్పోతాడు. కనుక డొమైను, హోస్టింగు ఖాతాలు వ్యాపారి పేరుతో, అతని ఈమెయిలు, ఫోను నంబర్లతో ఉండవలెను.

కాపీహక్కు గురించి కూడా అపోహ ఉన్నది. డబ్బు చెల్లించినంత మాత్రాన సోర్సు కోడుపై హక్కు వ్యాపారికి రాదు. 1957 నాటి భారత కాపీహక్కు చట్టము 17వ సెక్షను ప్రకారము రచనకు మొదటి యజమాని సాధారణముగా రచయితయే. జీతానికి పని చేసే ఉద్యోగి తన ఉద్యోగములో భాగముగా చేసిన పనికి యజమాని హక్కుదారు అవుతాడు. గుత్తకు పని చేసే తయారీదారు అట్టి ఉద్యోగి కాడు. హక్కు బదిలీ కావలెనన్న 19వ సెక్షను ప్రకారము సంతకముతో కూడిన వ్రాతపత్రము అవసరము. ఆ పత్రములో కాలపరిమితి వ్రాయకపోతే అయిదు సంవత్సరాలు మాత్రమేనని, ప్రాంతము వ్రాయకపోతే భారతదేశము వరకేనని చట్టము భావిస్తుంది. కనుక ఈ రెండు విషయాలను ఒప్పందములో స్పష్టముగా వ్రాయించుకొనవలెను. వర్డ్‌ప్రెస్ వంటి స్వేచ్ఛా సాఫ్టువేరు భాగాలకు వాటి సొంత లైసెన్సులే వర్తిస్తాయి.

చెల్లింపులను విడతలుగా చేయడము ఆనవాయితీ. బయానా, నమూనా ఒప్పుకొన్నపుడు ఒక విడత, వెబ్‌సైటు తెరిచి పాసువర్డులు అప్పగించినపుడు చివరి విడత అని విభజించడము ఇరుపక్షాలకు అనుకూలము. తయారీదారునికి కూడా రక్షణ ఉన్నది. అతడు నమోదైన సూక్ష్మ లేదా చిన్న సంస్థ అయితే, 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టము ప్రకారము ఒప్పందమున్నను 45 రోజులకు మించకుండా సొమ్ము చెల్లించవలెను. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ పడుతుంది.

చట్టపరమైన అంశాలు

సరుకు అమ్మే వెబ్‌సైటుకు కొన్ని చట్టపరమైన బాధ్యతలు ఉన్నాయి. వీటిని తీర్చుటకు అయ్యే శ్రమను అంచనాలో చేర్చవలెను.

* వినియోగదారుల రక్షణ (ఇ-కామర్స్) నియమాలు, 2020: సంస్థ పేరు, చిరునామా, ఫిర్యాదుల అధికారి వివరాలు వెబ్‌సైటులో ఉంచవలెను. ఫిర్యాదు అందినట్లు 48 గంటలలో తెలిపి, నెల రోజులలో పరిష్కరించవలెను.
* డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టము, 2023: కొనుగోలుదారుల పేర్లు, ఫోను నంబర్లు సేకరించే వారందరికీ సంబంధించినది. దీని నియమాలు 2025 నవంబరులో వెలువడినవి. అమలు దశలవారీగా ఉంటుంది.
* వస్తు సేవల పన్ను: ఇతర రాష్ట్రాలకు సరుకు అమ్మేవారు, కొన్ని చేతివృత్తుల వస్తువులకు ఇచ్చిన మినహాయింపు తప్ప, టర్నోవరుతో నిమిత్తము లేకుండా నమోదు కావలెను. కాంపొజిషన్ పద్ధతిలో ఉన్నవారు రాష్ట్రము వెలుపలికి సరుకు అమ్మరాదు. మహారాష్ట్రలోని భివండి, షోలాపూర్‌లలో స్థిరపడిన తెలుగువారికి అమ్మదలచిన సిరిసిల్ల వ్యాపారి దీనిని ముందే గమనించవలెను.
* ఎగుమతి: గల్ఫ్ దేశాలకు సరుకు పంపుటకు విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ జనరల్ ఇచ్చే దిగుమతి ఎగుమతి కోడ్ అవసరము.

అంచనాలు తప్పుటకు కారణాలు

* అవసరాలు మధ్యలో మారడము: "ఇది కూడా చిన్న పనే" అంటూ ఒక్కొక్కటి చేర్చుతూ పోవడము సర్వసాధారణ కారణము. ప్రతి మార్పుకు గంటలు, ధర వ్రాసుకొని ఇద్దరూ ఒప్పుకొన్న తరువాతనే చేయడము దీనికి మందు.
* పాఠ్యము ఆలస్యము కావడము: వ్యాపారి వివరాలు, ఛాయాచిత్రములు సమయానికి ఇవ్వకపోతే పని నిలిచిపోతుంది. తయారీదారు మరొక పనిలోకి వెళ్ళి, తిరిగి వచ్చేసరికి కాలము పెరుగుతుంది.
* నిర్ణయించేవారు అనేకులు కావడము: భాగస్వాములు, బంధువులు ఒక్కొక్కరు ఒక్కొక్క రంగు చెప్పినపుడు రూపకల్పన పదేపదే మొదటికి వస్తుంది.
* ఉత్సాహముతో వేసిన అంచనా: పని దక్కించుకొనవలెనన్న ఆత్రుతతో తయారీదారు అనుకూల అంకెలనే చెప్పడము.

ప్రత్యామ్నాయాలు

ప్రతి వ్యాపారానికి సొంత వెబ్‌సైటు తప్పనిసరి కాదు. గూగుల్ పటములో దుకాణము వివరాలు నమోదు చేసుకొనడము ఉచితము. 2018లో మొదలైన వాట్సాప్ బిజినెస్‌లో వస్తువుల పట్టిక పెట్టుకొనే సదుపాయమున్నది. 2021 చివరలో ఏర్పడిన ఓఎన్‌డీసీ వేదిక ద్వారా కూడా అమ్మవచ్చును. ప్రభుత్వ శాఖలకు అమ్మేవారికి 2016లో ప్రారంభమైన జెమ్ ఉన్నది.

ఇతరుల వేదికలపై ఉచితముగా లభించేది శాశ్వతము కాదు. యాహూ సంస్థ జియోసిటీస్‌ను 2009లో మూసివేయడముతో అక్కడి పుటలు తొలగిపోయాయి. గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ ద్వారా చిన్న వ్యాపారులు ఉచితముగా తయారు చేసుకొన్న వెబ్‌సైటులను గూగుల్ 2024 మార్చిలో నిలిపివేసింది. కనుక మొదట ఉచిత వేదికతో ఆరంభించి గిరాకీని పరీక్షించి, అదే సమయములో డొమైను పేరును మాత్రము సొంతముగా నమోదు చేసుకొని ఉంచుకొనడము తక్కువ ఖర్చుతో కూడిన మధ్యేమార్గము. తరువాత వెబ్‌సైటు తయారైనపుడు అదే చిరునామాను దానికి కలుపవచ్చును.

ఇవి కూడా చూడండి

* వెబ్‌సైటు
* డొమైను పేరు
* యూనికోడ్
* గొల్లపల్లి
* కోరుట్ల
* సిరిసిల్ల
* వస్తు సేవల పన్ను